అవతలి ఒడ్డుకు

పదకొండు కావస్తోంది. సిరిల్ పడవ జాడ లేదు.

ఎర్నెస్ట్ టిబెట్ రేవు మెట్ల మీద గెడ పట్టుకుని నిలబడ్డాడు. నది మీద పొగమంచు. అవతలి ఊరు కోంబ్లీ వాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు.

సిరిల్ అతని తమ్ముడు. పదకొండేళ్ళ కిందట అన్నతో గొడవపడి వెళ్ళిపోయాడు. అవతలి ఒడ్డున, మిల్లుకు ఎదురుగా ఇల్లు తీసుకున్నాడు. సోమవారం ఉత్తరం వచ్చింది. "నెట్టుడు పండగ నాడు పొద్దున్నే పడవలో వస్తా. భోజనం నీ దగ్గరే."

"మంచు చూసి జడిసుంటాడులే," అన్నాడు పబ్బు నడిపే నార్మన్.

"వాడా? కళ్ళు మూసుకుని దాటేస్తాడు. మనసు మారుంటుంది."

పూర్వం నదిలో కొట్టుకొచ్చిన శవం ఏ ఒడ్డుకు తగిలితే ఆ ఊరే పూడ్చాలి. అందుకే ఈ ఒడ్డునున్న స్టెల్‌ఫర్డ్ వాళ్ళు అవతలికి నెట్టేవారు, వాళ్ళు ఇవతలికి నెట్టేవారు. ఇప్పుడు శవానికి బదులు పాత కోటు తొడిగిన గడ్డిబొమ్మ. ఏ ఒడ్డున ఆగితే ఆ ఊరు బీరు పోయించాలి. ఈ ఒడ్డున గెడ పట్టేది ఎప్పుడూ టిబెట్ ఇంటివాళ్ళే.

చర్చి గంట మోగింది. ఎగువన మిల్లు దగ్గర, ఏటా బొమ్మను కట్టే ఎడిత్ దాన్ని నదిలోకి వదిలే వేళ అది.

కాసేపటికి మంచులోంచి బోర్లా తేలుతూ వచ్చింది.

"నెట్టు ఎర్నీ! పోయినేడు తాగించింది చాలు!" అని అరిచారు మెట్ల మీది ఊరివాళ్ళు.

ఎర్నెస్ట్ నెట్టాడు. కోంబ్లీ వాళ్ళు తిప్పి నెట్టారు. మళ్ళీ వచ్చింది.

"ఎడిత్ ఈసారి గడ్డి దండిగా కూరిందయ్యా," అన్నాడు ఎర్నెస్ట్ రొప్పుతూ.

"గడ్డి సంగతి కాదు, నీకు వయసు మీదపడింది!" అన్నాడు నార్మన్.

అందరూ నవ్వారు. ఎర్నెస్ట్ ఎగువకేసి చూశాడు. పడవ లేదు. పళ్ళు బిగించి, గెడను కోటు వీపున ఆనించి, ఒంట్లో బలమంతా పెట్టి తోశాడు.

"పో, వాడి దగ్గరికే పో."

అది మంచులోకి వెళ్ళిపోయింది. అవతలి రెల్లులో చిక్కుకున్న చప్పుడైంది. ఈ ఒడ్డున ఈలలు, చప్పట్లు. నార్మన్ అతని భుజం తట్టాడు.

"గెలిచాం కదరా, ఆ మొహమేంటి? తమ్ముడు రేపొస్తాడులే."

ఎర్నెస్ట్ గెడను మెట్ల మీద పడేశాడు.

మిల్లు దారిన ఎవరో పరుగెత్తుకొస్తున్నారు.

"షెడ్డు తాళం ఎంతకీ ఊడి చావలేదు ఎర్నీ, నేను లేకుండా మొదలెట్టలేదు కదా?" అంది ఎడిత్, భుజం మీది గడ్డిబొమ్మను మెట్ల మీదికి దించుతూ.