రెండువేల యాభై దాకా

“రెండువేల యాభై నాటికి మా ఉక్కు బొగ్గు లేకుండానే తయారవుతుంది!”

ఓ యూరప్ స్టీలు కంపెనీ విశాఖ ఆఫీసులో పనిచేసే జయంత్, కంపెనీ కొత్త వ్యూహం మీద ప్రసంగాన్ని డాబా మీద భార్యకు అప్పజెబుతున్నాడు.

“అందాకా ఏటి సేత్తాం బావా?” బట్టలు ఆరేస్తూ అడిగింది దేవిశ్రీ.

“ఓపిక పడతాం! ముందుచూపంటే అదే.” దర్జాగా పిట్టగోడకు చేరగిలబడ్డాడు.

“అయ్యో, గోడ! పొద్దున్నే తుడిసినా హార్బరు బొగ్గుదుమ్ము మళ్లీ పట్టేసినాది.”

మీటింగుకు తొడుక్కున్న తెల్లచొక్కా వీపంతా నల్లబడింది.

“కాస్త ఉతికి పెట్టవే!”

“ఓపిక పట్టు బావా. రెండువేల యాభైలో ఉతుకుతాను.”

జయంత్‌కు తన మీద తనకే నవ్వొచ్చింది. ఓపిక పట్టాలని ప్రసంగం నిండా రాసుకున్నాడు గానీ, అందాకా బట్టలెవరు ఉతకాలో ఎక్కడా రాసుకోలేదు. మహా ముందుచూపు!

చొక్కా విప్పి, సబ్బుబిళ్ల అందుకున్నాడు.