గోడ మీది గీత

మధ్యాహ్నం రెండింటికి సైరన్ మోగగానే హనాన్ చేతిలోని అన్నం ముద్ద వదిలేసి, మా నాయనమ్మను లాక్కుని మంచం కిందికి దూరింది.

హనాన్‌ది బాంబుల యుద్ధం నడిచే యెమెన్. హైదరాబాద్‌లో నాతోపాటు చదువుతోంది. హాస్టల్లో ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు, ఉలిక్కిపడి లేచేది. "అలవాటు చేసుకోవాలి" అని మేమంతా బోధించేవాళ్లం. కాస్త నిమ్మళపడుతుందని సెలవులకు భూపాలపల్లి పక్కనున్న మా ఊరికి తీసుకొచ్చాను.

ఇంతలో ధన్‌మని చప్పుడై నేల అదిరింది. గూట్లో గిన్నెలు గలగలలాడాయి.

"గది బొగ్గుబాయిల పేలుడు బిడ్డా, రోజుండేదే! జరైతే నా నడుం ఇరుగుతుండె," అంటూ నాయనమ్మ మంచం కిందే పకపకా నవ్వింది. "ఆ పిల్లకు చెప్పవే, మాకు గిది అలవాటైందని."

నేనూ నవ్వుతూ ఆ మాట ఇంగ్లిష్‌లో చెప్పాను. హనాన్ నవ్వలేదు. మంచం పక్క గోడకున్న పగులును చూపించింది. దానికి అడ్డంగా సన్నటి పెన్సిల్ గీత ఉంది. గీత సగానికి తెగి, మధ్యలో వడ్లగింజ పట్టేంత సందు కనిపిస్తోంది.

"నేను వచ్చిన రోజు గీశాను. అప్పుడు కలిసే ఉంది."

నాయనమ్మ లేచి, చీర దులుపుకుని, మళ్లీ ఆ గోడకే ఆనుకుని కూర్చుంది.

"ఇది నీకెవరు నేర్పారు?" అని హనాన్‌ను అడిగాను.

"మా అమ్మ. రోజూ గీసి చూసేది. తర్వాత మానేసింది. ఆ వారమే గోడ ఆమె మీద పడింది."

"ఎందుకు మానేసింది?"

హనాన్ నాయనమ్మ వైపే చూస్తూ చెప్పింది.

"అలవాటైపోయింది."