నాచారానికి అక్షింతలు

వినాయక చవితి పూజల శమంతకమణి కథ చదివే డ్యూటీ ఏటా నాదే. కథ విని, తల మీద అక్షింతలు వేసుకుంటే ఏడాదంతా మన మీద నిందలు పడవని అమ్మ నమ్మకం.

"పోయిన మణిని కృష్ణుడే కాజేశాడని పట్టణమంతా చెప్పుకొన్నది," అని చదివిన.

"ఆగు," అన్నది అమ్మ.

అమ్మ బంగారు కమ్మ ఒకటి పోయిన వారం నుంచి కనిపిస్తలేదు. ఇంట్ల పనిచేసే కిష్టమ్మను ఇంక రావద్దన్నది కూడా అమ్మనే.

"తర్వాత కృష్ణుడు ఏం జేస్తడు?"

"అడవికి పోయి మణి వెతికి తెస్తడు. కిష్టమ్మకైతే అంత తీరిక లేదు. ఇంకా నాలుగిండ్ల అంట్లున్నయి."

అమ్మ నన్ను ఒక చూపు చూసింది. "స్కూటీ తియ్యి."

"కథ సగంల లేస్తే మనకు నిందలొస్తయే అమ్మా!"

"రానీ."

ఉప్పల్ నుంచి నాచారంల కిష్టమ్మ ఇంటి దాకా అమ్మ వెనుక సీట్ల, అక్షింతల పళ్లెం ఆమె ఒళ్ల. గుంత వచ్చినప్పుడల్లా కొన్ని నా వీపు మీద పడ్డయి.

కిష్టమ్మ గడపకు అడ్డంగా నిలబడ్డది. రమ్మనలేదు. అమ్మ బయటి నుంచే ఆమె తల మీద అక్షింతలు వేసింది.

"రేపటి నుంచి పనికి రా కిష్టమ్మా."

"కమ్మ దొరికిందా అక్కా?"

"లేదు," అన్నది అమ్మ.

 కిష్టమ్మ గడప నుంచి పక్కకు జరిగింది.