గొట్టానికి బొట్టు

పొద్దున్నే వాకిట్లో నీళ్లు చల్లబోయిన మునీశ్వరి, వీధి చివరకు చూసి చల్లడం మర్చిపోయింది.

ఎవరో పెద్దాయన కాలువ గొట్టానికి పసుపు రాస్తున్నాడు!

మదనపల్లెలోని ఆ వీధి స్నానాల నీళ్లు, అంట్లు తోమిన నీళ్లు అన్నీ అక్కడి తొట్టెలోకే చేరతాయి. మడ్డి అడుగున దిగిపోతుంది. పైనీళ్లు గులకరాళ్లలో నాటిన మెట్టతామర వేళ్ల గుండా సాగి, ఆ గొట్టంలోంచి తేటగా వంకలో పడతాయి. అందరినీ బతిమాలి, కొందరితో పోట్లాడి దాన్ని కట్టించింది మునీశ్వరే.

ఈరోజు దాన్ని తవ్వి పూడ్చేస్తారు. కార్లు పెట్టుకునేందుకు చోటు కావాలని పురుషోత్తం పట్టుబట్టాడు, వీధంతా సరేనంది. జేసీబీ దారిలో ఉంది.

అసలే ఏడుపు దిగమింగుకుని ఉన్న మునీశ్వరికి ఒళ్లు మండింది.

"ఏమప్పా, ఏం చేస్తాండావు?"

"పూజమ్మా." ఆయన నింపాదిగా కుంకుమ బొట్టు పెట్టాడు.

"మురిక్కాలవకు పూజేందప్పా?"

"బోరులో నీళ్లు పడితే చేయమా? ఇదీ అంతే."

టెంకాయ కొట్టి, కర్పూరం వెలిగించి, చెంపలు వేసుకున్నాడు.

"పురుషోత్తమన్న పంపించినాడా? పూడ్చేది చాలదని ఎగతాళి గూడానా? పో అప్పా, పో ఈడ్నించి!"

అప్పటికే ఆయన స్టార్టు చేసిన మోపెడ్ మోతలో ఆమె మాటలు ఎంతవరకు వినిపించాయో గానీ, ఆయన నొచ్చుకోలేదు. బండి మీది టమోటాల గంప దించి గోడ మీద పెట్టి, "మీ వీధోళ్లకమ్మా" అని వెళ్లిపోయాడు.

కాసేపటికి జేసీబీ వచ్చింది. డ్రైవర్ నాగేంద్ర దిగి, గొట్టాన్ని చూసి, చెప్పులు విడిచాడు.

"ఈడ గంగమ్మకు పూజ చేసిండారు. నేను తవ్వను."

"అది మురిక్కాలవప్పా!" అన్నాడు పురుషోత్తం.

"బొట్టు పెట్టిండారు గదా. కావాలంటే గడ్డపార ఇస్తాను, నువ్వే తవ్వుకో."

పురుషోత్తం అటూ ఇటూ చూశాడు. మిద్దె మీద నుంచి అతని భార్య హేమలత కేకేసింది.

"దాన్ని ముట్టుకున్నారంటే ఇంట్లోకి రావద్దండీ!"

వీధంతా గొల్లున నవ్వింది. పురుషోత్తానికీ నవ్వాగలేదు.

"సరేలే, కారు రోడ్డు మిందే పెట్టుకుంటా."

జేసీబీ వచ్చిన దారినే వెళ్లిపోయింది. ఆడవాళ్లు టమోటాలు పంచుకున్నారు. మునీశ్వరి ఆనందం పట్టలేక ఒకటి అక్కడే కొరికింది. పుల్లగా, తియ్యగా, ఎంత బాగుందో!

"ఆ పిచ్చాయన యాడుండాడో! తిట్టి పంపిస్తిని, కాఫీ అన్నా ఇయ్యకపోతిని."

టీ అంగడి గోవిందప్ప నవ్వాడు.

"పిచ్చాయన గాదమ్మా, వెంకటప్ప. వంక కింద బావి ఆయనదే. ఈ తొట్టె కట్టేదాకా ఇన్నేండ్లూ మన వీధి మురికంతా ఊరింది దాంట్లోనే. నిన్ననే మళ్లా ఆ నీళ్లతో ఇంట్లో అన్నం వండుకున్నారంట."