ఘాట్ మెట్ల మీద దెయ్యం

పుర్రె మాస్కు పెట్టుకుని తలుపు చాటు నుంచి దూకింది సమీర.

మురళీమోహన్ ఉలిక్కిపడలేదు.

"భయం వేయలేదా నాన్నా? హాలోవీన్‌కి మన సొసైటీలో ఇదే బెస్ట్ మాస్క్!"

"మాస్కుకేం భయం? మా చిన్నప్పుడు దెయ్యమే వచ్చేది."

"నిజంగానా? ఎక్కడికి?"

"గంగ ఒడ్డున, మా పాత పేట వాట్‌గంజ్‌లో ఘాట్ మెట్ల మీదికి. దీపావళి ముందురోజు, భూత చతుర్దశి సాయంత్రం ఇంట్లో పద్నాలుగు దీపాలు పెట్టి, ఇంకొకటి గంగలో వదలడానికి వెళ్ళేవాళ్ళం. దెయ్యం తెల్లచీర ముసుగేసుకుని కేకలు పెడుతూ తరిమేది. మేం రాళ్ళు విసిరి పారిపోయేవాళ్ళం."

"నాకూ చూపించవా?"

ఆ రోజు భూత చతుర్దశే. సాల్ట్ లేక్‌లో ఇంటి నుంచి క్యాబ్‌లో బయల్దేరారు.

పొద్దువాలే వేళకు ఘాట్ నిండా పిల్లలు. నెత్తిన వెలిగే కొమ్ములు, నోట్లో ప్లాస్టిక్ కోరలు, చేతుల్లో ఫోన్లు. మట్టి ప్రమిదలు ఇద్దరు ముగ్గురి దగ్గరే ఉన్నాయి.

దెయ్యం మాత్రం రాలేదు.

అది వచ్చే సందుకేసి చూస్తూ నిలబడ్డాడు మురళి. సందు ఖాళీగా ఉంది.

వెనక నుంచి కెవ్వుమని కేక.

గంగ పోటు మీద ఉంది. ఎవరో పిల్ల ఇచ్చిన ప్రమిదతో అడుగు మెట్టు దాకా దిగిన సమీర పాచి మీద జారింది. అక్కడే బిందె కడుక్కుంటున్న ముసలామె సమీర జుట్టు దొరకబుచ్చుకుని వెనక్కి లాగింది.

ఒకప్పుడు మురళి వాళ్ళ పక్కింట్లో ఉన్న సన్యాసమ్మ.

"ఏటిరా మురళీ, పిల్లని నీటికాడ వొగ్గీసి ఎటు సూస్తన్నావు?"

మురళి కూతుర్ని పొదువుకున్నాడు.

"దెయ్యం వస్తుందేమోనని, అత్తా. దీనికి చూపిద్దామని తెచ్చాను."

"ఇంకేటొస్తాది? మొన్న శ్రావణంలో గవరయ్య పోనాడు కదా."

"గవరయ్య ఎవరు?"

"ఓడల డాక్ గోడ పక్కన ఒక్కడే ఉండీవోడు. ఎవులితోటీ మాటాడీవోడు కాదు. ఆడేరా మీ దెయ్యం."

మురళికి నవ్వొచ్చింది.

"పిల్లల్ని హడలగొట్టడం అంత సరదానా ఆయనకి?"

సన్యాసమ్మ నవ్వలేదు. నీళ్ళకేసి చూసింది.

"ఏటా దెబ్బలు తినీవోడు. మానీమంటే మానీవోడు కాదు."

"ఎందుకు?"

"మీరు పుట్టకముందు, ఇలాటి సతుర్దశి నాడే, దీపం వొదల్డానికి ఈ మెట్టు దిగి కొట్టుకుపోయిన అప్పలలక్ష్మికి నాయనరా ఆడు."