వరుసలో నాలుగోవాడు

“ఆ టీవీ కట్టేయండి,” మూడోసారి అంది ప్రిస్కిల్లా.

“తెలంగాణ బంద్, ఆఫీసు లేదు. ఇదీ చూడనివ్వవా?” విసుక్కున్నాడు అబ్రహాం. “నువ్వు సాక్ష్యం చెప్పిన హత్యకేసేగా!”

తెరమీద ఒకడు కత్తి కడుగుతున్నాడు.

“మొహంలోనే తెలుస్తోంది, హంతకుడని,” అంది కూతురు జాస్మిన్.

“వాడు నటుడే పిచ్చిమొహమా! అసలువాడు ఇడుగో,” అన్నాడు అబ్రహాం.

జైలు ఫొటో వచ్చింది.

“ఇతనా? అమ్మా, పదిమందిని వరుసగా నిలబెడితే నాలుగోవాడే అని ఎలా చెప్పావు?”

ప్రిస్కిల్లా టీవీకి దగ్గరగా వచ్చి ఫొటో చూసింది.

“మన మెట్లు దిగి పారిపోయినవాడి వీపే చూశాను. ఈ ముఖం... పోలీసులు గుర్తుపట్టమని పిలవడానికి ముందురోజు పేపర్లో చూశాను.”

“ఎనిమిదేళ్ల తర్వాత ఇప్పుడెందుకే? నిన్ను లోపలేస్తారు!”

“అతను ఎనిమిదేళ్లుగా లోపలే ఉన్నాడండీ. రేపు లాయరు దగ్గరికి వెళ్తున్నాను,” నెమ్మదిగా ఇద్దరికీ చెప్పింది ప్రిస్కిల్లా.