బెంచీ మీద తోడు

"పరదేశిని రేపు పంపించెయ్యొచ్చు," అన్నాడు డాక్టరు.

నర్సు ముఖం విచ్చుకుంది. పెళ్ళయి నెల కాలేదు. ఈ మధ్య ఎవరు ఇంటికెళ్తున్నారన్నా ఆమెకు సంతోషమే.

"తాగుడు మానేశాడుగా సార్, ఇంకా ఎందుకుంచారా అనుకున్నాను."

"తాగుడు ఎప్పుడో పోయింది. భ్రమ పోవడానికే ఇన్నాళ్ళు పట్టింది. 'నా భార్య ఈ ఊరి మనిషే, గేటు దగ్గరుంటుంది, పిలవండి' అనేవాడు. ఇప్పుడు ఆ మాటే ఎత్తడం లేదు."

రోడ్డు మీద పడి ఉంటే పోలీసులు తెచ్చి చేర్పించిన మనిషి. వార్డులో అందరికంటే నలుపు, అందరికంటే పొడుగు. పాదాలు మంచం దాటి ఉంటాయి. ఏ దేశంవాడో, పేరేమిటో అడిగినవాళ్ళు లేరు; అందరికీ పరదేశే.

ఆమె వెళ్ళేసరికి గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు.

"అన్నా, రేపు ఇంటికెళ్ళిపోవచ్చు."

"ఇంట్లో ఎవరున్నారమ్మా?" మాటలు కూడబలుక్కుంటూ అన్నాడు. "ఎవరూ లేరని మీరే నేర్పారు కదా."

ఆమె దుప్పటి లాగి ఆ పాదాల మీద కప్పబోయింది. చాల్లేదు.

సాయంత్రం గేటు బయట బెంచీ మీద భర్త ఫ్లాస్కుతో ఎదురుచూస్తున్నాడు.

"కొత్త పెళ్ళికొడుకు గారు వచ్చి గంటయింది సిస్టరమ్మా," అన్నాడు వాచ్‌మన్. "లోపల ఫ్యాను కింద కూర్చోమంటే వినరు. బెంచీ అరిగిపోతోంది."

"మా ఆయనంతే."

'మా ఆయన' అనే మాట ఇంకా కొత్త. అన్నప్పుడల్లా ఆమె బుగ్గలు వేడెక్కుతాయి.

"ఇవాళ నాకు తోడు లేదు," అన్నాడు భర్త, టీ పోస్తూ.

"తోడెవరు?"

"రోజూ ఇక్కడ కూర్చునే ఆవిడ. తనూ వాళ్ళాయన కోసమే. లోపల ఉద్యోగమేమో అనుకున్నా. 'మా ఆయన' అని అచ్చం నీలాగే అంటుంది."

"ఉద్యోగమా పాడా," వాచ్‌మన్ నవ్వాడు. "చూస్తే మనలో మనిషి. చెప్పేవి కట్టుకథలు. లోపల నీ వాళ్ళెవరూ లేరు, ఇక రావద్దని నిన్న గట్టిగా చెప్పేశా."

ఆమె కప్పు కింద పెట్టింది.

"ఎవరి కోసం వచ్చానంది?"

"పరదేశి కోసమట. ఆ రంగుకీ ఈ రంగుకీ పొత్తెక్కడమ్మా?"

ఆమె లేచి గేటు వైపు తిరిగింది.

"మళ్ళీ లోపలికెందుకు?" అన్నాడు భర్త.

"అన్నకి చెప్పాలి. రేపు పొద్దున్నే ముగ్గురం వెళ్ళి మా వదినని వెతుకుతున్నాం."